బ్యాక్‌యార్డ్ నేలలోంచి తేనెటీగలు లేస్తున్నాయా? అవేంటో మీరే ఎలా గుర్తుపట్టాలి

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బ్యాక్‌యార్డ్ నిండా ఈగలు, వందల్లో ఉన్నాయి, నేలలోంచి వస్తున్నాయి, పిల్లల్ని బయటికి పంపట్లేదు, ఏం మందు కొట్టాలి?" అని. వీడియో పంపమంటే పరిగెత్తుతూ తీసిన పది సెకన్ల వీడియో పంపిస్తారు, అందులో గడ్డి తప్ప ఏమీ కనపడదు. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న కొత్తలో నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను, అందుకే ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాస్తున్నా. ఇది అమెరికా తూర్పు వైపు, అంటే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, నార్త్ కరోలినా లాంటి చోట్ల ఉన్నవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. మిగతా చోట్ల నెలలు అటూఇటూ అవుతాయి, చూసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు ఒక్క విషయం. మనకి తేనెటీగ అంటే పేరులోనే తేనె ఉంది కదా, దాంతో గుంపుగా ఎగిరేది ఏది చూసినా ఎక్కడో ఒక తుట్టె ఉంది, లోపల రాణి ఉంది, కదిపితే వేలకి వేలు మీద పడతాయి అని మన బుర్రలో స్థిరపడిపోయింది. నేలలో గూడు పెట్టే వాటిలో ఎక్కువ శాతం ఒంటరివి. వాటికి తుట్టె లేదు, రాణి లేదు, దాచిన తేనె లేదు. ప్రతి ఆడ ఈగా తన కన్నం తనే తవ్వుకుంటుంది, తన పిల్లలకి పుప్పొడి తనే మోసుకొస్తుంది. ప్రపంచంలో 20,000 పైగా తేనెటీగ జాతులున్నాయి, అమెరికాలోనే దాదాపు 4,000, వాటిలో సుమారు 70 శాతం నేలలో ఉండేవే. మనం సూపర్‌మార్కెట్లో కొనే తేనె పెట్టే రకం అసలు ఈ దేశానిదే కాదు, 1622లో యూరప్ నుంచి వర్జీనియాకి ఓడలో తెచ్చుకున్నారు.

ఇక్కడ ఆ ఒంటరివాటిని గ్రౌండ్ బీస్ అనే పిలుస్తాను, అందరూ అనే మాట అదే కాబట్టి.

కావాల్సినవి

- స్లో మోషన్ వీడియో తీసే ఫోన్ (ఇప్పుడు దాదాపు అన్నిట్లో ఉంటుంది)
- ఒక క్వార్టర్ నాణెం, కన్నం పక్కన పెట్టి సైజు చూడ్డానికి. దాని అడ్డం దాదాపు 24 మిల్లీమీటర్లు
- పది పన్నెండు ఐస్‌క్రీమ్ పుల్లలు లేదా టూత్‌పిక్‌లు
- ఫుల్ ప్యాంటు, సాక్స్, షూ. చెప్పులొద్దు
- అవతలికి కనపడే ప్లాస్టిక్ డబ్బా, ఒక మందం కార్డు (ఇది 5వ స్టెప్‌లో, అదీ అవసరమైతేనే)
- ఎండ ఉన్న రోజు, పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు ఒక అరగంట. 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉన్నా, మబ్బు పట్టినా ఇవి బయటికి సరిగ్గా రావు, మీకు ఏమీ తేలదు

ఇంట్లో ఎవరికైనా కుడితే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడకపోవడం లాంటిది ఇదివరకు జరిగి ఉంటే ఈ పని వాళ్ళు చేయొద్దు, ఇంకొకళ్ళతో చేయించండి. ఎపిపెన్ (తీవ్రమైన అలర్జీకి వెంటనే పొడిచే ఇంజెక్షన్) ఇంట్లో ఎక్కడుందో అందరికీ తెలియాలి, ఎవరికైనా అలాంటి లక్షణాలు కనపడితే ఆలోచించకుండా 911కి కొట్టండి.

1. దూరంగా నిలబడి పది నిమిషాలు చూడండి

పిల్లల్నీ కుక్కనీ ఇంట్లో పెట్టి, ఒక 20 అడుగుల దూరంలో నిలబడండి. ఇంకా దగ్గరికి వెళ్ళొద్దు. అవి ఏ ఎత్తులో, ఎలా ఎగురుతున్నాయో మాత్రం చూడండి.

మోకాలి కంటే కిందగా, నేలకి ఆనుకున్నట్టు, వంకర్లు తిరుగుతూ, ఒక చోట కుదురుగా లేకుండా తిరుగుతున్నాయా? అవి చాలావరకు మగవి. గ్రౌండ్ బీస్‌లో మగవి ఆడవాటికంటే ముందే నేలలోంచి బయటికొచ్చి, ఆడవి ఎప్పుడు పైకొస్తాయా అని ఆ నేల మీదే గస్తీ తిరుగుతుంటాయి. మనల్ని భయపెట్టే ఆ గుంపంతా ఇదే. మగవాటికి ముల్లు ఉండదు, కుట్టాలన్నా కుట్టలేవు. ఒక్కోసారి నాలుగైదు ఈగలు ఉండలా చుట్టుకుని నేల మీద దొర్లుతుంటాయి, ఒక ఆడదాని కోసం అన్నీ ఎగబడటం అది, దెబ్బలాట కాదు.

అలా కాకుండా అన్నీ ఒకే దారిలో, ఎయిర్‌పోర్ట్‌లో విమానాలు దిగినట్టు వరసగా వచ్చి ఒకే చోట గడ్డిలోకి దూరిపోతున్నాయా, అక్కడి నుంచే ఒకదాని వెనక ఒకటి పైకి లేస్తున్నాయా? అక్కడే ఆగండి. ఇంకో పది అడుగులు వెనక్కి రండి, 3వ స్టెప్ దూరం నుంచే చేయండి.

మూడో రకం, నేల మీద కాదు, చెట్టు కొమ్మకో ఫెన్సుకో పనసకాయంత ఉండలా వేలాడుతుంటే అది తేనె పెట్టే తేనెటీగల గుంపు, కొత్త ఇల్లు వెతుక్కుంటూ మధ్యలో ఆగింది. కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో దానంతటదే వెళ్ళిపోతుంది. తొందరగా తీయించాలనుకుంటే మీ ఏరియాలో తేనెటీగలు పెంచేవాళ్ళకి చెప్పండి, చాలామంది సంతోషంగా వచ్చి పట్టుకెళ్తారు. దాని మీద ఏమీ చల్లొద్దు.

2. ఈ రోజు తేదీ ఎంత?

మామూలు ప్రశ్నలా ఉంటుంది గానీ సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మార్చి మధ్య నుంచి మే మొదటి దాకా, అంటే రెడ్ మేపుల్ చెట్లు ఎర్రగా పూత పట్టినప్పటి నుంచి యాపిల్ పూత రాలిపోయే దాకా, పలచటి గడ్డిలో వందల కన్నాలు పడ్డాయంటే దాదాపుగా అవి సెల్లోఫేన్ బీస్ (కొలెటీస్) లేదా మైనింగ్ బీస్ (ఆండ్రీనా). జూన్, జులైలో చిన్నగా ఉండేవి, కొన్ని ఆకుపచ్చగా మెరిసేవి కనపడితే స్వెట్ బీస్. జులై, ఆగస్టుల్లో బొటనవేలంత పెద్దవి గుయ్‌మంటూ తిరిగితే సికాడా కిల్లర్ కందిరీగలు (సికాడా అంటే ఎండాకాలం చెట్ల మీద గీమని అరిచే పురుగు, ఇవి దాన్ని వేటాడతాయి). ఆగస్టు నుంచి మొదటి మంచు పడేదాకా ఒకే కన్నంలోంచి ధారలా వస్తుంటే ఎల్లోజాకెట్స్, అంటే కాలనీగా బతికే పసుపు నలుపు చారల కందిరీగలు.

ఎల్లోజాకెట్స్ వసంతంలో ఉండవా అంటే ఉంటాయి, కానీ అప్పుడు రాణి ఒక్కతే గూడు మొదలుపెడుతుంది, మీ కంటికి ఆనదు. ఎండాకాలం గడిచేకొద్దీ వందలు, వేలు అవుతాయి. కాబట్టి ఏప్రిల్లో "నేల నిండా ఎల్లోజాకెట్స్" అని మీకు ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

ఈ మాట ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, మా మొదటి వసంతంలో ఒక పెస్ట్ కంట్రోల్ మనిషి వచ్చి కారు పక్కన నిలబడే చూసి "ఎల్లోజాకెట్స్, ఏడాది కాంట్రాక్ట్ తీసుకోండి" అన్నాడు. నాకు తెలియదు, సరే అన్నా. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే కన్నాల పక్కన ఆడ ఈగలు వెల్లకిలా పడున్నాయి, వెనక కాళ్ళకి పసుప్పచ్చటి పుప్పొడి అలాగే అంటుకుని ఉంది, పిల్లలకి తీసుకొచ్చింది లోపల పెట్టకుండానే చచ్చిపోయాయి. ఎల్లోజాకెట్ కాళ్ళకి పుప్పొడి మూట ఉండదు అని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇంకా పోలేదు, ఇదంతా రాయడానికి అదే కారణం.

3. కన్నాలు లెక్కపెట్టండి, ఈగల్ని కాదు

ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క స్టెప్ చదవండి.

తర్వాతి ఏడాది మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. ఏప్రిల్ మధ్యాహ్నం, డెక్ మీద కుర్చీ వేసుకుని శాలువా కప్పుకుని కూర్చుని ఆ ఈగల్నే చూస్తోంది. గంట తర్వాత నన్ను పిలిచి, "ఒరేయ్, ఎవరింటికి వాళ్ళే వెళ్తున్నారురా, ఒకళ్ళింటికి ఇంకోళ్ళు వెళ్ళట్లేదు" అంది. నేను పుస్తకాల్లో చదివింది ఆవిడ కూర్చుని కళ్ళతో చూసి చెప్పేసింది. గుర్తుపట్టడంలో అసలు కీలకం అదే.

ఎలా చేయాలంటే: గుంపుకి ఆరడుగుల దూరంలో (1వ స్టెప్‌లో వరస కట్టి దూరేవి కనపడితే 30 అడుగులు, ఫోన్ జూమ్‌తో) కదలకుండా కూర్చోండి. ఒక్క కన్నం ఎంచుకోండి. ఐదు నిమిషాలు ఆ ఒక్కదాన్నే చూడండి. ఎన్ని లోపలికి వెళ్ళాయి, ఎన్ని బయటికొచ్చాయి, వేళ్ళ మీద లెక్కపెట్టండి.

- ఐదు నిమిషాల్లో సున్నా, ఒకటి, రెండు: గ్రౌండ్ బీస్. ఒకటి లోపలికి వెళ్తే చాలాసేపు రాదు. చుట్టుపక్కల అలాంటి కన్నాలు పదులు, వందలు ఉంటాయి.
- నిమిషానికి ఐదు, పది, అంతకంటే ఎక్కువ, అన్నీ ఒకే కన్నంలోంచి, చుట్టుపక్కల ఇంకో కన్నం లేదు: అది కాలనీ, ఎల్లోజాకెట్స్ అనుకునే నడుచుకోండి.
- ఒకే కన్నం, కానీ నిమిషానికి ఒకటో రెండో, గుండ్రంగా బొద్దుగా ఒళ్ళంతా నూగుతో ఉండేవి: బంబుల్ బీస్. ఇవి ఎలుకలు వదిలేసిన కన్నాల్లో గూడు పెడతాయి. మామూలుగా వాటి జోలికి వెళ్ళకపోతే మన జోలికి రావు, గూటి మీద కాలు పెడితే మాత్రం ఊరుకోవు.

నా ఐదు నిమిషాల లెక్క తేలలేదు, మధ్యలో ఉంది అంటే ఇంకో రెండు కన్నాలు చూడండి. కొన్ని స్వెట్ బీస్ నాలుగైదు కలిసి ఒకే గుమ్మం వాడుకుంటాయి, లోపల ఎవరి గది వాళ్ళదే, మన ఉమ్మడి ఇళ్ళలాగా. అందుకే ఒక్క కన్నం చూసి తీర్పు ఇవ్వొద్దు.

కన్నాల పక్కన ఒక్కో పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. పుల్ల పక్కనే, రెండు మూడంగుళాల దూరంలో. కన్నంలోకి దూర్చి లోతు చూడాలని చాలామందికి చెయ్యి దురద పెడుతుంది, వద్దు. ఎల్లోజాకెట్స్ దగ్గర ఇదేమీ చేయొద్దని వేరే చెప్పక్కర్లేదు.

4. కన్నం చుట్టూ మట్టి చూడండి

గ్రౌండ్ బీస్ కన్నం పెన్సిల్ మందం ఉంటుంది, చుట్టూ పొడి మట్టి చిన్న కుప్పలా, పైన నడిమధ్యన కన్నం, బుల్లి అగ్నిపర్వతంలా. చీమల పుట్ట అనుకుంటారు చాలామంది. చీమలదైతే కన్నం సన్నగా ఉంటుంది, ఒక్క నిమిషం చూస్తే చీమలు కనపడతాయి. కన్నంలోంచి ఒక మొహం బయటికి చూస్తూ, మీరు కదలగానే వెనక్కి జారిపోతే ఇంక సందేహం లేదు, గ్రౌండ్ బీ.

సికాడా కిల్లర్ కన్నం క్వార్టర్ నాణెమంత ఉంటుంది, ముందువైపు మట్టి గుర్రపు నాడాలా పెద్ద కుప్పగా పడి, మధ్యలో ఈడ్చుకెళ్ళిన కాలవ ఉంటుంది. అది సికాడాని కుట్టి కదలకుండా చేసి లోపలికి లాక్కెళ్ళి దాని మీద గుడ్డు పెడుతుంది. మనవాళ్ళు భ్రమర కీటక న్యాయం అంటారు చూడండి, పురుగుని తెచ్చి గూట్లో పెడితే అది భ్రమరంగా మారి బయటికొస్తుందని, ఆ మాట పుట్టింది ఇలాంటి కందిరీగల్ని చూసే. పురుగు మారలేదు, పురుగుని తిని పెరిగిన పిల్ల బయటికొచ్చింది. అంత చూపుతో కనిపెట్టి చూసినవాళ్ళు మనవాళ్ళు.

సికాడా కిల్లర్ రెండంగుళాల దాకా ఉంటుంది కాబట్టి 2019లో వాషింగ్టన్ రాష్ట్రంలో దొరికిన జెయింట్ హార్నెట్ ఇదేనేమో అని అందరూ హడలిపోయారు. ఆ హార్నెట్ తూర్పు వైపు రానేలేదు, 2024 డిసెంబర్లో అమెరికాలో నిర్మూలించినట్టు ప్రకటించారు కూడా. సికాడా కిల్లర్ మగది మీ మొహం ముందుకి వచ్చి బెదిరిస్తుంది, దానికి ముల్లు లేదు. ఆడది చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు.

ఎల్లోజాకెట్స్ కన్నానికి మామూలుగా ఇలాంటి చక్కటి కుప్ప ఉండదు. గడ్డిలో, పొద మొదట్లో, రాయి కింద దాగి ఉంటుంది, అంచులు రాకపోకలకి నున్నగా అరిగిపోయి ఉంటాయి.

కుప్ప లేకుండా, రాకపోకలు ఏమీ లేకుండా వేలు దూరే గుండ్రటి ఖాళీ కన్నాలు జూన్, జులైలో కనపడితే అవి సికాడా పిల్లలు పైకొచ్చిన దారులు, వదిలేయండి.

5. ఒంటిని చూడండి

ఇప్పటిదాకా గ్రౌండ్ బీస్ అని తేలితేనే ఈ స్టెప్‌కి రండి.

రంగు చూసి చెప్పొద్దు. పసుపు నలుపు చారలు పూల మీద తిరిగే హోవర్ ఫ్లైస్‌కి కూడా ఉంటాయి, అవి అసలు కుట్టలేని ఈగలు. ఇవి చూడండి: ఒంటి మీద నూగు ఉందా, వెనక కాళ్ళు బొచ్చుగా ఉండి పొడి పుప్పొడి అంటుకుని ఉందా? అయితే బీ. ఒళ్ళు నున్నగా మెరుస్తూ, నడుము దారంలా సన్నగా, కాళ్ళు బోడిగా ఉంటే కందిరీగ. కళ్ళు తలంతా ఉండి, మీసాలు కనపడీ కనపడనట్టుండి, గాల్లో ఒకే చోట నిలబడిపోతే అది ఫ్లై.

బీ అని తేలాక ఏ బీ అన్నది ఫోటోలో చూడాలి. సెల్లోఫేన్ బీకి ఎదురుగా చూస్తే మొహం హార్ట్ ఆకారంలో ఉంటుంది, రెండు కళ్ళూ కిందకి వచ్చేసరికి దగ్గరపడతాయి. మైనింగ్ బీ ఆడదానికి కళ్ళ పక్కనే లోపలివైపు మఖ్‌మల్ పట్టీ అంటించినట్టు రెండు నిలువు గీతలుంటాయి, వెలుతురు పక్కనుంచి పడితే మెరుస్తాయి. దానికి పుప్పొడి కూడా కాలి మొదలు దాకా, చంకలో పెట్టుకున్నట్టు అంటుకుని ఉంటుంది. తేనె పెట్టేదానికీ బంబుల్ బీకీ మాత్రం పుప్పొడి తడిపి ఉండలా చేసి కాలికి అతికించినట్టుంటుంది. ఈ తేడా ఒక్కటి చూసుకున్నా చాలు.

ఎగురుతుంటే ఫోటో రావట్లేదా? రెండు మార్గాలున్నాయి. తేలికైనది, కన్నానికి మూడడుగుల దూరంలో ఫోన్‌ని ఇటుక మీద ఆనించి స్లో మోషన్‌లో పెట్టి లోపలికి వెళ్ళిపోండి, పావుగంట తర్వాత వచ్చి ఆ వీడియోలోంచి మంచి ఫ్రేములు తీసుకోండి. రెండోది, పువ్వు మీదో నేల మీదో వాలినదాని మీద డబ్బా బోర్లించి కింద కార్డు జరిపి, ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో కాదు, ఫ్రిజ్‌లో. చల్లబడి నెమ్మదిస్తుంది, తెల్ల కాగితం మీద పెట్టి మూడు ఫోటోలు (మొహం, వీపు, పక్క) తీసి ఎండలో వదిలేస్తే రెండు నిమిషాల్లో ఎగిరిపోతుంది. చేత్తో పట్టుకోవద్దు, ఆడవి నలిపితే కుడతాయి.

6. యాప్‌కి ఎక్కించండి, కానీ పూర్తిగా నమ్మకండి

ఫోటో పెడితే పేరు చెప్పే ఐనాచురలిస్ట్ యాప్ మంచిది, బగ్‌గైడ్ వెబ్‌సైట్ కూడా. యాప్ వెంటనే ఒక పేరు ఇస్తుంది, ఎంతో ధీమాగా. ఆండ్రీనా, కొలెటీస్ లాంటి ఇంటిపేరు దాకా తీసుకోండి, ఆ పైన జాతి పేరు తెలిసినవాళ్ళు చూసి ఒప్పుకునేదాకా పక్కన పెట్టండి, ఎందుకంటే వీటిల్లో చాలావాటిని మైక్రోస్కోప్ లేకుండా విడదీయలేరు. ఇంటి పనికి ఇంటిపేరు చాలు. కన్నం పక్కన క్వార్టర్ పెట్టి తీసిన ఫోటో కూడా జత చేయండి.

యాప్ వద్దనుకుంటే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంటుంది, న్యూజెర్సీలో అయితే రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళది. 1914 నుంచి ఈ దేశంలో రైతులకీ ఇళ్ళవాళ్ళకీ ఇలాంటి సలహాలు ఇవ్వడానికే ఉన్న వ్యవస్థ అది, మన ఊళ్ళో వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్ళినట్టు.

7. తేలింది, ఇప్పుడేం చేయాలి

గ్రౌండ్ బీస్ అయితే ఏమీ చేయొద్దు. నిజంగా ఏమీ వద్దు. నాలుగు నుంచి ఆరు వారాల్లో అయిపోతుంది. ఆ కొన్నాళ్ళూ పిల్లలకి షూ వేయండి, గడ్డి కోయాలంటే పొద్దున్నే లేదా సాయంత్రం కోయండి. యాపిల్, బ్లూబెర్రీ పూతకి ఇవి చేసే సేవ చాలా పెద్దది, జూన్ చివర్లో మనమంతా న్యూజెర్సీలో హామంటన్ వైపు బ్లూబెర్రీలు కోసుకోవడానికి పిల్లల్ని తీసుకెళ్తాం కదా, ఆ పళ్ళలో ఇలాంటి నేల ఈగల కష్టం కూడా ఉంది.

సరిగ్గా నడిచే దారిలోనే పెట్టాయి, ఉండనివ్వలేం అంటే మందు లేకుండా మార్గముంది. ఇవి పలచటి గడ్డి, ఇసుక కలిసిన పొడి నేల, ఎండ పడే వాలు ఎంచుకుంటాయి. కాబట్టి సీజన్ అయిపోయాక, సెప్టెంబర్లో, అక్కడ కంపోస్టు వేసి గడ్డి విత్తనాలు చల్లి దట్టంగా చేయండి. వచ్చే మార్చిలో అవి లేచే సమయానికి ఆ భాగం తడిగా ఉంచితే పక్కకి జరిగిపోతాయి.

ఎల్లోజాకెట్స్ అయితే రెండు ప్రశ్నలు. గుమ్మానికీ, పిల్లల ఊయలకీ దూరంగా ఉందా? అయితే చుట్టూ దూరంగా జెండాలు పాతి వదిలేయండి, గట్టి మంచు పడ్డాక ఆ కాలనీ చచ్చిపోతుంది, కొత్త రాణులు వేరేచోట దాక్కుంటాయి, పాత గూడు మళ్ళీ వాడవు. దగ్గరగా ఉంటే మనిషిని పిలిపించండి, ఆ ఒక్క కన్నం చూపించండి, లాన్ మొత్తం కొట్టనివ్వొద్దు. మీరే చేద్దామని రాత్రిపూట టార్చ్ పట్టుకుని వెళ్ళొద్దు. లాన్ మోవర్ చప్పుడుకే అవి మీద పడతాయి, ఒక్కోటి ఎన్నిసార్లయినా కుడుతుంది.

బంబుల్ బీస్, సికాడా కిల్లర్స్ ఆ సీజన్‌తో పోతాయి, పక్కనుంచి నడవండి.

అందరూ చేసే తప్పులు

కన్నాల్లో నీళ్ళు పోయడం. సెల్లోఫేన్ బీకి ఆ పేరు ఎందుకొచ్చిందంటే, గదుల గోడలకి ఒంట్లోంచి వచ్చే ద్రవం పూసి ప్లాస్టిక్ కవర్ లాంటి పొర కడుతుంది, నీళ్ళు లోపలికి పోవు. మీరు బకెట్లు పోసినా మర్నాడు మళ్ళీ మట్టి తోడుకుని పైకొస్తుంది. మరిగే నీళ్ళు, పెట్రోలు పోసేవాళ్ళూ ఉన్నారు, దయచేసి వద్దు, నేల పాడవుతుంది, బావి నీళ్ళు వాడే ఇళ్ళకి ఇంకా ప్రమాదం.

కన్నం మూసేయడం. ఎల్లోజాకెట్స్ విషయంలో ఇది మహా ప్రమాదం, ఇంకో దారి తవ్వుకుని వస్తాయి, గోడ పక్కన గూడైతే ఆ దారి మీ బేస్‌మెంట్‌లోకి కావచ్చు.

ఈగలు గడ్డిని తినేశాయి అనుకోవడం. గడ్డి ముందే పలచబడింది, అందుకే అవి వచ్చాయి.

ఆగస్టులో గడ్డి మీద కిందగా ఎనిమిది అంకె వేసినట్టు తిరిగే నల్లటి కందిరీగల్ని, వెనక ఎర్రగా రెండు పసుపు చుక్కలు ఉండేవి, చూసి భయపడటం. అవి మీ గడ్డి వేళ్ళు తినే గ్రబ్ పురుగుల్ని వెతుకుతున్నాయి, మీ పనే చేస్తున్నాయి. ఆ గ్రబ్స్‌కి వేసే ఇమిడాక్లోప్రిడ్ మందు బీస్‌కి విషం. న్యూజెర్సీలో 2022లో చేసిన చట్టంతో ఆ కుటుంబం మందులు ఇళ్ళ లాన్లలో వాడటం చాలావరకు ఆగింది, కానీ గరాజ్‌లో పాత డబ్బాలు ఇంకా చాలామంది దగ్గరున్నాయి, ఒకసారి లేబుల్ చూసుకోండి.

గ్రౌండ్ బీస్ కన్నాల దగ్గర ఎర్రగా, నున్నగా, కందిరీగలా ఉన్నదాన్ని చూసి "అయ్యో ఇవి కందిరీగలే" అని మాట మార్చేయడం. అది నోమాడా, కోకిలలాంటి బీ, ఇంకోదాని గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. అది కనపడిందంటే కిందున్నవి మైనింగ్ బీస్ అనడానికి ఇంకో సాక్ష్యం. కన్నాల పైన గాల్లో నిలబడి పొడుగు ముక్కుతో ఉండే బొచ్చు ఈగ కూడా అంతే, బీ ఫ్లై, కన్నాలవైపు గుడ్లు విసిరేస్తుంది.

గుమ్మడి పాదు కింద లోతుగా తవ్వేయడం. మనవాళ్ళ పెరట్లో గుమ్మడి ఉంటే ఆ నేలలోనే స్క్వాష్ బీస్ గూళ్ళుంటాయి, తెల్లవారుజామునే పూల మీదికి వస్తాయి, మగవి ముడుచుకున్న పువ్వుల్లోనే పడుకుంటాయి. మధ్యాహ్నం వాడిన పువ్వు మెల్లగా విప్పి చూడండి, లోపల ఒకటి నిద్రపోతూ దొరుకుతుంది. పాదు తీసేశాక ఆ చోట టిల్లర్ వేయకుండా పైపైన గుల్ల చేసుకోండి.

మీరు గుర్తుపట్టింది కరెక్టేనా, ఇలా సరిచూసుకోండి

మూడు అడుగుల చదరం తాడుతో కట్టుకుని, అందులో తెరిచి ఉన్న కన్నాలు వరసగా మూడు ఎండ రోజుల మధ్యాహ్నం లెక్కపెట్టి రాసుకోండి. వారానికోసారి మళ్ళీ లెక్కపెట్టండి. గ్రౌండ్ బీస్ అయితే పెరిగి, నిలకడగా ఉండి, ఆరు వారాల్లోపు తగ్గిపోతాయి. వారం వారం ఒకే కన్నం దగ్గర రద్దీ పెరుగుతూనే పోతోందంటే మీ లెక్క తప్పింది, 3వ స్టెప్ దూరం నుంచి మళ్ళీ చేయండి.

సాయంత్రం పరీక్ష ఒకటి. పొద్దుపోయే వేళ దూరం నుంచి చూడండి. గ్రౌండ్ బీస్ ఎండ తగ్గగానే పని ముగించుకుంటాయి, నేల ఖాళీగా ఉంటుంది. చీకటి పడేదాకా రాకపోకలు ఆగకపోతే కాలనీ. కానీ సాయంత్రం ఖాళీగా ఉంది కదా, పోయాయి అనుకోవద్దు, లోపలే ఉన్నాయి.

వాన పరీక్ష: పెద్ద వాన పడి కుప్పలు కొట్టుకుపోయాక ఎండ కాసిన మర్నాడు చూడండి, మళ్ళీ తాజా మట్టితో చిన్న చిన్న కుప్పలు లేస్తే గ్రౌండ్ బీస్.

చివరి పరీక్షకి ఏడాది పడుతుంది. పిల్లలు నేలలోనే పెరిగి వచ్చే వసంతంలో అక్కడే లేస్తాయి. క్యాలెండర్‌లో తేదీ రాసుకోండి, పక్కింటి మేపుల్ ఎర్రబడిన రోజు కూడా. వచ్చే ఏడాది అదే వారానికి అదే చోట లేచాయంటే ఖాయం.

ఊళ్ళో ఉన్నవాళ్ళు కూడా అడుగుతున్నారు. అక్కడ ఈ నెలల లెక్క పనికిరాదు, రెడ్ మేపులూ ఉండదు. కన్నాల లెక్క మాత్రం పనికొస్తుంది. నేలలో, పాత మట్టి గోడల్లో కన్నాలు చేసుకుని, పొట్ట మీద నీలం పట్టీలు మెరుస్తూ రివ్వున తిరిగేవి బ్లూ బ్యాండెడ్ బీస్, ఒంటరివి, భయం లేదు. కానీ పుట్టలోంచి ధారలా వస్తుంటే అది పుట్టతేనె పెట్టే తేనెటీగ కావచ్చు, నేల బొరియలో పెద్ద కందిరీగల గూడు కావచ్చు, రెండిటికీ దూరంగా ఉండి తెలిసినవాళ్ళని పిలవండి.

ఇంత చేశాక కూడా తేలకపోతే ఎవరిని అడిగినా ఈ నాలుగూ పంపండి: తేదీ, క్వార్టర్ పక్కన కన్నం ఫోటో, ఒక్క కన్నం మీద ఫోన్ కదలకుండా తీసిన ఐదు నిమిషాల వీడియో, చదరంలో కన్నాల లెక్క. పరిగెత్తుతూ తీసిన వీడియో మాత్రం వద్దు.